మూడో అధ్యాయంలో నా మరణం

మనిషికి వయసు దానంతటదే వస్తుంది. అడగక్కర్లేదు, దరఖాస్తు పెట్టక్కర్లేదు, వద్దని కాళ్ళావేళ్ళా పడ్డా ఆగదు. ఈ భూమ్మీద వయసు రావాలంటే ముందుగా ఒక మండలి సమావేశమై, చర్చించి, ఏకగ్రీవంగా తీర్మానించాల్సిన ప్రాణి ఒక్కటే ఉంది. అది డిటెక్టివ్ నవలల్లోని డిటెక్టివ్.

ఈ సంగతి నాకెలా తెలుసంటే, అలాంటి డిటెక్టివ్ ఒకడు మా ఇంట్లో, నడవాకి ఎడమవైపు గదిలో, ముప్పై ఏళ్ళుగా తిష్ఠ వేసుకుని ఉన్నాడు. వాణ్ణి రాసేది మా ఆయన. వాడు పోలీసు ఇన్‌స్పెక్టరే గానీ మెడకి ఎండాకాలంలో కూడా మఫ్లర్ చుట్టుకుని తిరుగుతాడు కాబట్టి పాఠకులు వాణ్ణి ‘మఫ్లర్’ అంటారు. (మొదటి నవల రాస్తున్నప్పుడు మా ఆయనకి జలుబు చేసింది. మఫ్లర్ చుట్టింది నేనే. సాహిత్యానికి నా సేవ అక్కడ మొదలైంది. ఎక్కడ ముగిసిందో చెప్పడానికే ఈ గోలంతా.)

నేను రచయిత్రిని కాను. జనన మరణాల నమోదు కార్యాలయంలో మరణాల కిటికీ వెనక కూర్చునే గుమాస్తాని. జననాల కిటికీ మా పక్కదే, కానీ ఏడుపులు అక్కడే ఎక్కువ. ఎవరు దేనితో పోతారో, పోయాక వాళ్ళు నిజంగానే పోయారని నమ్మడానికి ప్రభుత్వానికి ఎన్ని సంతకాలు కావాలో నాకు బాగానే తెలుసు. ఇన్ని మరణాలు చూసిన కళ్ళతోనే చెబుతున్నాను, మనిషిని ముసలివాణ్ణి చేయడానికి మా ఆయన నవలలు వేసే ప్రచురణ సంస్థ పెట్టుకున్నంత పద్ధతి మా ఆఫీసులో మనిషిని చంపడానికి కూడా లేదు.

ఆ సంస్థలో ‘డిటెక్టివ్ వయోవికాస మండలి’ అని ఒకటుంది. దానికి అధ్యక్షుడు సంపాదకుడు. సభ్యుడు పాఠకుల ప్రతినిధి. ఈయన ఒకప్పుడు మందుల షాపు నడిపేవాడు, ఇప్పుడు మఫ్లర్‌ని కాపలా కాస్తున్నాడు. (నవలలన్నీ కంఠస్థం. మా ఆయన మర్చిపోయిన శవాలు కూడా ఈయనకి వరసగా గుర్తే.) వీళ్ళిద్దరి మధ్యా, ఎప్పుడూ దగ్గు ఆపుకుంటున్నట్టుండే ఒక సన్నటి మనిషి. ఆయన హోదా వయోవికాస అధికారి. ఏ పుస్తకంలో మఫ్లర్‌కి ఎన్ని తెల్లవెంట్రుకలు రావాలో మంజూరు చేసేది ఆయనే.

నియమాలు చాలా స్పష్టంగా ఉంటాయి. మూడు నవలలకి మఫ్లర్‌కి ఒక ఏడు నిండుతుంది. అంతకన్నా తొందరపడితే ఉద్యోగ విరమణ వయసు మీదికొచ్చేస్తుంది, రిటైరైన ఇన్‌స్పెక్టర్‌కి శవాలు ఎవరు చూపిస్తారు? కాబట్టి మొదటి పుస్తకంలో మా ఆయనకి పెద్దన్నలా ఉన్న మఫ్లర్ ఇప్పుడు తమ్ముడిలా ఉన్నాడు. ఇంకో పదేళ్ళు పోతే అల్లుడవుతాడు. ఇద్దరూ కూర్చునేది ఒకే కుర్చీలో. జుట్టు మాత్రం ఒకడిదే ఊడింది.

రోగాల విషయంలో ఇంకా కట్టుదిట్టం. పుస్తకానికి ఒక్క రోగం మించకూడదు. ఆ రోగం మఫ్లర్ మెట్లెక్కడానికి అడ్డు రావాలి గానీ హంతకుడి వెంట పరిగెత్తడానికి అడ్డు రాకూడదు. తాగుడు ఎనిమిదో నవలలో మంజూరైంది, తొమ్మిదిలో మాన్పించారు, పాఠకులు బెంగ పెట్టుకున్నారని పదిలో మళ్ళీ మొదలుపెట్టించారు. ఇక ఫోన్ సంగతి. యాభై దాటిన డిటెక్టివ్‌కి మెసేజ్ పంపడం రాకూడదు. హంతకుడు పంపిన మెసేజ్‌లో తేడా ఉందని కనిపెట్టడం మాత్రం ముందు ఆయనకే రావాలి.

ఇక్కడ మా ఆయన ఇబ్బంది ఒకటి చెప్పాలి. శవాలు ఎన్నయినా కల్పిస్తారు గానీ ఆయనకి నొప్పి కల్పించడం రాదు. అందుకని ఇంట్లో ఉన్నవి పట్టుకుపోతారు. మా మామగారి మతిమరుపు ఆరో నవలకి పోయింది. మా తమ్ముడి గురక ఏడులో. నా మోకాలి నొప్పి పదకొండో నవలలో మఫ్లర్‌కి పోయింది. (పోయిందంటే నాకు తగ్గిందని కాదు.) ఒక ఏడాది అధికారిగారు ‘కూతురితో ఎడబాటు’ మంజూరు చేశారు. మా అమ్మాయి పళ్ళ డాక్టరు, ఈ ఊళ్ళోనే క్లినిక్ ఉంది. అది ఆ పుస్తకం చదివి ఫోన్ చేసి, "నాన్నా, నేనేం చేశానని?" అంది. "నువ్వేం చేయలేదమ్మా, అది వికాసం," అన్నారు ఈయన. ఆ కోపంతో అది నిజంగానే రెండు నెలలు మాట్లాడలేదు. ఆ రెండు నెలల్నీ ఆయన తర్వాతి నవలలో వాడుకున్నారు. ఎడబాటు చాలా సహజంగా పండిందని సమీక్షలొచ్చాయి.

నేను కూడా ఆ నవలల్లో ఉన్నాను. మఫ్లర్ భార్యగా. పేరు లేదు, ‘ఆవిడ’ అని ఉంటుంది. ప్రతి నవలలోనూ చివరికి కాస్త ముందు మఫ్లర్ అలిసిపోయి ఇంటికొస్తాడు. ఆవిడ తలుపు తీసి "తిన్నారా?" అంటుంది. అంతే. ఇన్ని పుస్తకాల్లో నేను అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. జవాబు మాత్రం ఒక్క పుస్తకంలో కూడా రాలేదు. నేను అడగ్గానే మఫ్లర్‌కి హంతకుడెవరో తట్టేస్తుంది, వచ్చిన కాళ్ళమీదే వెళ్ళిపోతాడు. (ఇందులో కల్పన ఏమీ లేదు. మా ఇంట్లో కూడా అంతే. హంతకుడు తట్టడం ఒక్కటే తేడా.)

అలా నా మానాన నేను తలుపులు తీసుకుంటూ ఉండగా, కిందటి నవల సరిగ్గా అమ్ముడుపోలేదు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు ఆ సంగతి వచ్చి నా మీద పడింది.

మండలి అత్యవసర సమావేశం మా ఇంట్లోనే పెట్టారు, మా ఆయనకి నడుం పట్టేసి కదల్లేకపోవడం వల్ల. (ఆ నడుం అప్పటికే ఇరవై ఏడో నవలకి రిజర్వయి ఉంది.) నేను టీలు పట్టుకెళ్ళేసరికి సంపాదకుడు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"సమస్యేంటంటే సార్, మఫ్లర్ సుఖంగా ఉన్నాడు."

తెలిసినవాళ్ళింట్లో పెద్ద జబ్బని విన్నట్టు అందరూ తలలు దించుకున్నారు.

"నిజమేనండి," అన్నాడు మందుల షాపాయన. "కడుపులో చల్ల కదలకుండా ఉన్నాడు. ఎంత ఘోరం చూసొచ్చినా ఇంటికెళ్తే ఆవిడ తలుపు తీస్తుంది. తిన్నారా అంటుంది. ఇంక నాకు పేజీ తిప్పబుద్ధి కాదు. మా ఇంట్లో నన్నే అలా అడిగే దిక్కు లేదు, ఈయనకెందుకండీ?"

వయోవికాస అధికారి దగ్గు ఆపుకున్నాడు. "యాభై దాటిన డిటెక్టివ్‌కి ఒక్కటైనా పెద్ద నష్టం ఉండాలి. ఇది నేను పెట్టింది కాదు, అన్ని సంస్థల్లోనూ ఉన్నదే. మిగతా డిటెక్టివ్‌లందరికీ ఎప్పుడో అయిపోయింది, మనమే వెనకబడ్డాం. మన దగ్గర పోగొట్టుకోవడానికి మూడున్నాయి. అసిస్టెంటు, స్కూటరు, భార్య."

అసిస్టెంటు అంటే మఫ్లర్‌కి ఫోన్ చూపించి పెట్టే చిన్న ఆఫీసరమ్మ. ఆ అమ్మాయి పోతే మెసేజ్‌లు తెరిచేవాళ్ళు ఉండరని నిమిషంలో తేల్చేశారు. ఇక స్కూటరు. అది పాత ఆకుపచ్చ స్కూటరు, తన్నితే గానీ స్టార్టవదు, ఎన్ని తన్నులకి స్టార్టవుతుందన్న దాన్నిబట్టి కేసు ఎంత కష్టమో పాఠకులు చెప్పేస్తారు.

"స్కూటర్ని లోయలోకి తోయిస్తే ఎలా ఉంటుందంటారు?" అన్నాడు అధికారి.

మా ఆయన లేచి నిలబడ్డారు. పట్టేసిన నడుంతో. పొద్దున్న నేనూ పక్కింటాయనా చెరోవైపు పట్టుకుని కూర్చోబెట్టిన మనిషి.

"స్కూటర్ జోలికి రావద్దు," అన్నారు. బల్లమీద ఒక్క చరుపు చరిచారు, నా టీలు ఒలికాయి. "అది లేకపోతే మఫ్లర్ లేడు. మీరు ఇంకెవరితోనైనా రాయించుకోండి. నేను రాయను."

పెళ్ళయ్యాక ఆయన గొంతు అంత గట్టిగా పలకడం నేనెప్పుడూ వినలేదు. నిజం చెప్పొద్దూ, గర్వంగా అనిపించింది. గుడ్డ తెచ్చి బల్ల తుడుస్తూ, నా వంతు వచ్చేదాకా ఆ గొంతు అలాగే ఉండాలని కోరుకున్నాను.

"సరే సార్, స్కూటర్ ఉంటుంది," అన్నాడు సంపాదకుడు చేతులు జోడించి. "మరి ఆవిడ?"

మా ఆయన మెల్లగా కూర్చున్నారు. "ఆలోచించాలి," అన్నారు.

వెళ్తూ వెళ్తూ అధికారి గుమ్మం దగ్గర ఆగాడు. "మేడమ్, మీరేం అనుకోకండి. ఇది పాత్ర గురించి."

"అనుకోవడానికేముంది. టీలో చక్కెర సరిపోయిందా?" అన్నాను.

మా ఆయన రెండు రోజులు ఆలోచించారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నట్టు ఆ రెండు రోజులూ నేను ఎదురుచూసింది ఒక్క మాట కోసం. ‘కుదరదు.’ పెద్ద మాటేం కాదు, స్కూటరు కోసం అన్నలాంటిదే. ఆ పుస్తకాల్లో నేనుంటే ఎంత, లేకపోతే ఎంత? ఒక్క ముక్క పాత్ర. కానీ నన్ను తీసేస్తామంటే ఆయన ఏమంటారన్నది మాత్రం నాకు కావాలి. అన్నం వడ్డిస్తూ ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమనుకుంటున్నారు?"

"దేని గురించి?"

"నా గురించి."

"నీ గురించి కాదోయ్. పాత్ర గురించి."

"స్కూటరూ పాత్రే కదండీ."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "అది వేరు. దానికొక చరిత్ర ఉంది."

మర్నాడు సంపాదకుడికి ఫోన్ చేశారు. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. "సరే, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క షరతు," అనడం వినబడింది. కుళాయి కట్టేశాను. షరతు అన్నారు, నా విషయంలో షరతు పెట్టారు. చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి గుమ్మం దాకా వచ్చాను.

"ఆవిడ పోయిన రోజున," అంటున్నారు ఆయన, "స్కూటర్ మొదటి తన్నుకే స్టార్టవ్వాలి."

అవతల సంపాదకుడు ఏడ్చాడట.

తీర్మానం అయితే అయింది గానీ, ఎలా పోవాలన్నది తేలలేదు. హత్య కుదరదన్నారు. హత్యయితే ఎవరు చేశారో కనుక్కోవాలి, దానికి పుస్తకమంతా పట్టేస్తుంది, ఆవిడకి కేటాయించింది ఒకటిన్నర అధ్యాయం. ప్రమాదమన్నా కుదరదు, ఏ ప్రమాదమైనా స్కూటరుకి చెడ్డపేరు తెస్తుంది. ఎటూ తోచక వయోవికాస అధికారి ఒకరోజు మా ఆఫీసుకొచ్చి, మరణాల వరసలో నిలబడి, తన వంతు రాగానే కిటికీలోకి వంగాడు.

"మేడమ్, మీకు అనుభవం ఉంది కాబట్టి అడుగుతున్నాను. మర్యాదగా, ఎక్కువ రోజులు తియ్యకుండా, మొహం పాడవకుండా పోయేది ఏదైనా ఉందా?"

వెనక నిలబడ్డ పెద్దాయన తల ముందుకు పెట్టాడు. "ఎవరు బాబూ పోయింది?"

"ఈవిడేనండి," అన్నాడు అధికారి నన్ను చూపించి.

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "అయ్యో. అయితే ముందు ఈవిడది కానివ్వండి. నాది మా బావమరిదిది, తొందరేం లేదు."

కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళని ఊరికే తిప్పి పంపించే అలవాటు నాకు లేదు. గుండెపోటు రాయించుకోమన్నాను. అనుమానాలు రావు, ఒక్క సంతకంతో పని అయిపోతుంది, చుట్టాలు కూడా నమ్ముతారు. అధికారి ఎంతో సంతోషించాడు. ఇంత సహకరించే పాత్రని ఇంతవరకూ చూడలేదన్నాడు.

ఇక రాయడం. ముందే చెప్పాను, చూడనిది మా ఆయన రాయలేరు. ఒక ఆదివారం నన్ను సోఫాలో పడుకోమన్నారు. పడుకున్నాను. కళ్ళు మూసుకోమన్నారు. మూసుకున్నాను. "ఊపిరి కాస్త తగ్గించు," అన్నారు. వారమంతా చేసిన ఉద్యోగం వల్ల నాకు నిజంగానే కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఆయన నేలమీద కూర్చుని నా చెయ్యి రెండు చేతుల్లోనూ పట్టుకుని ఉన్నారు.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఎన్నేళ్ళయిందో లెక్క కూడా పోయింది. కదిలితే వదిలేస్తారేమోనని కదల్లేదు. ఇంకా పడుకున్నట్టే ఉన్నాను. కాసేపయ్యాక మెల్లగా, "ఏమండీ?" అన్నాను.

"ఉండు, ఉండు. వెచ్చదనం ఎటునుంచి తగ్గుతుందో చూస్తున్నాను," అన్నారు.

నెల తిరక్కుండా మూడో అధ్యాయం పూర్తయింది. ఆ నెలంతా మా ఇంట్లో ఉంటే పరామర్శకి వెళ్ళిన ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఆయన భోజనం సగంలో లేచిపోయేవారు. కళ్ళు వాచి ఉండేవి. ఏమైందని అడిగితే "ఆవిడ," అని గదిలోకి పోయేవారు. ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే ఆ కాగితాలు తీసి చదివాను.

అందులో ఆవిడ పేపర్ని చివరి పేజీ నుంచి చదువుతుంది. ఆఫీసు నుంచి రాగానే ఒక చెయ్యి గోడకి ఆనించి చెప్పులు విప్పుకుంటుంది, విప్పాక కూడా కాసేపు అలాగే నిలబడుతుంది, ఆ చోట గోడకి రంగు పోయింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఏదో పాట గొణుక్కుంటుంది, ఎవరైనా వస్తే గొంతు సవరించుకున్నట్టు నటిస్తుంది. చివర్లో మఫ్లర్ ఖాళీ ఇంటికి వచ్చి, తలుపు తనే తీసుకుని, ఎవరూ అడగకుండానే "తిన్నాను," అంటాడు.

లేచి వెళ్ళి గోడ చూశాను. నిజమే, రంగు పోయింది. నాకే తెలీదు.

మరణాల కిటికీ దగ్గర ఇన్నేళ్ళు కూర్చుని కంట తడి పెట్టనిదాన్ని, ఆ గోడ దగ్గర నిలబడి ఏడ్చాను. సొంతమనిషి పోయినట్టు ఏడ్చాను. ఈయన నన్ను చూడటమే మానేశారని అనుకుంటూ బతికేశాను. చూశారు. అన్నీ చూశారు. చెప్పలేదంతే, ప్రచురణకి దాచుకున్నారు. నాకొచ్చింది సంతోషమో కోపమో తెలీలేదు. వెళ్ళి ఆయన్ని లేపాను.

"ఇవన్నీ మీరు చూశారా?"

"ఏవి?"

"ఈ గోడ. ఈ పాట. ఇవన్నీ."

"చూడకపోతే ఎలా రాస్తాను?" అన్నారు కళ్ళు నులుముకుంటూ.

"ఒక్కసారి నాతో అనొచ్చుగా."

ఆయన నిజాయితీగానే ఆలోచించారు. "బతికున్నవాళ్ళతో అంటే పొగడ్తలా ఉంటుందోయ్. ఇక్కడైతే బరువుంటుంది."

అప్పుడు నేను సిగ్గు విడిచి అడిగాను. ఇంతవరకూ ఆయన్ని ఇది కావాలని అడిగిన మనిషిని కాను. "అయితే ఇప్పుడైనా కుదరదని చెప్పండి. ఆవిణ్ణి ఉంచెయ్యండి. ఇవన్నీ చూసినవాళ్ళు ఎలా పంపించేస్తారండీ?"

ఆయన నా చేతిలోంచి కాగితాలు తీసుకున్నారు, అంచులు సర్దారు, ఆఖరి పేజీ మళ్ళీ ఒకసారి చదువుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంత బాగా వచ్చాక ఎలాగోయ్?" అన్నారు.

పుస్తకం వచ్చింది. మఫ్లర్ నవలల్లో దేనికీ రానంత పేరు దానికి వచ్చింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని మా అమ్మ అనేది, నావి చారెడున్నర అయ్యాయి. ఆవిణ్ణి ఇంతవరకూ పట్టించుకోనివాళ్ళంతా ఆవిడ తమకి ఎంత కావలసిందో పేపర్లకి ఉత్తరాలు రాశారు. పుస్తకం చదివిన మా సూపరింటెండెంటు నన్ను పిలిచి కూర్చోబెట్టి, సెలవు కావాలంటే పెట్టుకోమన్నాడు. తర్వాత నియమాలు తిరగేసి, భర్త పోతే ఉంది, పిల్లలు పోతే ఉంది, అత్తమామలు పోతే ఉంది, ఉద్యోగి తానే పోతే మాత్రం సెలవు లేదని చెప్పి బాధపడ్డాడు. మా అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, నా పేషెంట్ ఒకావిడ కుర్చీలో నోరు తెరుచుకుని నీ గురించి ఏడుస్తోంది. నేనేమనాలి?"

"నోరు పుక్కిలించమను," అన్నాను.

"నాన్నని నేనొచ్చి అడగనా?"

"వద్దమ్మా. అడిగితే అది కూడా రాస్తారు."

పాఠకుల సంఘం సంతాపసభ పెట్టింది. మా ఆయన ముఖ్య అతిథి. నేనూ వెళ్ళాను, ఇస్త్రీ చీరలో. తలుపు దగ్గర నల్ల రిబ్బన్లు పంచుతున్న మందుల షాపాయనకి కళ్ళజోడంతా తడే, నన్ను గుర్తుపట్టలేదు. "మీరు ఆవిడకి ఏమవుతారమ్మా?" అన్నాడు. దూరపు చుట్టాన్నని చెప్పాను. చివరి వరసలో కుర్చీ చూపించాడు. అందరూ లేచి మౌనం పాటిస్తుంటే నేనూ లేచాను. (కూర్చుని ఉంటే బాగుండదు.) మా ఆయన మైకు ముందు రెండుసార్లు ఆగిపోయారు. ఆవిడ గోడకి చెయ్యి ఆనించి నిలబడే సంగతి చెబుతుంటే హాల్లో వెక్కిళ్ళు వినబడ్డాయి. నా పక్కనున్నావిడ నా భుజం నిమిరి, "ఇలాంటి మొగుడు దొరకడం అదృష్టమండి," అంది. అవునన్నాను. సభ అయ్యాక ఆయన్ని మండలివాళ్ళు భోజనానికి తీసుకెళ్ళారు, నేను బస్సులో వచ్చేశాను.

ఆ వారమే అధికారిగారు కొత్త ఉత్తర్వు తెచ్చారు. పాఠకుల స్పందన దృష్ట్యా మఫ్లర్ దుఃఖాన్ని ఆరు నవలలకి పొడిగించారు. దుఃఖంలో నాణ్యత తగ్గకూడదు. మా ఆయన ఉదయం పూట రాస్తారు కాబట్టి ఆ సమయంలో ఆయనకి ఆవిడ కనబడకపోవడం శ్రేయస్కరమని మండలి అభిప్రాయపడింది. (ఆవిడంటే ఎవరని నేను అడగలేదు.) కనబడితే దుఃఖం చెదురుతోందట. ఒకరోజు నేను తువ్వాలు కోసం గదిలోకి వెళ్ళాను, ఆ రోజు ఒక్క వాక్యం కూడా పడలేదట. పాపం, నిజమే అయి ఉంటుంది. నన్ను చూసి ఆయన ఎలా ఉలిక్కిపడ్డారో నేనూ చూశాను.

ఇప్పుడు ఆయన రోజూ పొద్దున్నే తలుపు వేసుకుని నన్ను తలుచుకుని ఏడుస్తారు. అంత నమ్మకంగా ఏడ్చే మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. నా మీద ఆయనకి ఇంత ప్రేమ ఉందని నేను పోయాక గానీ నాకు తెలియలేదు. నేను మాత్రం ఆఫీసుకి తయారై, టీ పట్టుకెళ్ళి గుమ్మం బయట కింద పెట్టి, కనబడకుండా పక్కకి తప్పుకుంటాను. మొన్న వంగి పెడుతుంటే మోకాలు పట్టేసి, కప్పు సాసరుకి తగిలి చప్పుడైంది.

"ఎవరది?" అన్నారు లోపల్నుంచి. ఇంకా ఏడుపు మధ్యలోనే ఉన్నారు.

నియమం గుర్తొచ్చింది. "ఎవరూ లేరండి," అన్నాను.

లోపల కుర్చీ కిర్రుమంది. తర్వాత ఆయన గొంతు ఆత్రంగా, తలుపుకి బాగా దగ్గరగా వినబడింది.

"బాగుంది. ఇంకోసారి అను, రాసుకుంటాను."

అన్నాను.